ముక్కు ఎవరి వాటా

"తాతా, నువ్వు డిగ్రీల కెమిస్ట్రీ చదివినవ్ గదా. మొటిమల మొఖానికి గీ రెండు సీసాల్ల ఏది మంచిదో జర చూసి చెప్పవా?"

ఇటియ్యి. నా అద్దాలేవి... నెత్తి మీదనే ఉన్నయ్ గదా, మంచిది. ఇదేమో మేకప్ తీసేటి నూనె. ఇదేమో నురుగొచ్చేటి ఫేస్‌వాష్. ఒక్క మాట చెప్త బిడ్డా. రెండిట్ల ఏది అని అడిగినవ్ చూడు, సరిగ్గ అక్కడనే మా అవ్వ, మా రూతమ్మత్త ఆగమైన్రు. ఇద్దరు కలిసి నా మొఖాన్ని పంచుకున్నరు. నవ్వకు, నిజంగనే పంచుకున్నరు, పొలం పంచుకున్నట్టు.

అరవై తొమ్మిది సంగతి. నేను పట్నంల బీఎస్సీ చదువుతున్న. ప్రత్యేక తెలంగాణ కావాల్నని పోరలందరు రోడ్డెక్కిన్రు, కాలేజీలు మూతపడ్డయ్. నేను పెట్టె సర్దుకొని ముడిమ్యాలకొచ్చిన. ద్రావణాల పాఠం నడుస్తుండె అప్పుడు. మా సారు బోర్డు మీద "ఏది దేంట్ల కరుగుతదంటే" అని రాసిండు, బయట నినాదాలు మొదలైనయ్, చాక్‌పీసు కింద పెట్టి పోయిండు. గంతే. ఏది దేంట్ల కరుగుతదో నాకు తెల్వకనే పాయె. ఆ ఒక్క వాక్యం పూర్తయితే నా మొఖానికి గా గతి పట్టకపోవు.

మా బాపు అప్పటికే పోయిండు. ఇంట్ల నన్ను కన్న మా అవ్వ మార్తమ్మ, బాపు అక్క రూతమ్మత్త, నేను. అత్తకు మొగడు లేడు, మాతోనే ఉండె. ఆ ఏడు జొన్నలు సరిగ్గ పండలే. అవ్వ ఎడ్లను అమ్ముదామంటున్నది. ఎడ్లు పోతే ఎవుసం పోయినట్టే, ఎవుసం పోతే కాలేజీ తెరిచినా నేను పోయేది లేదు. గసుంటప్పుడు మొయినాబాద్ మిషన్ బడి మేనేజరమ్మ కబురు పంపింది. భూగోళం చెప్పే సారు జబ్బుపడి సెలవు పెట్టిండట. "ఆదివారం మా చర్చికి రమ్మనుండ్రి, వాక్యం చదవమనుండ్రి, గొంతు వింట, మనిషిని చూస్త" అన్నదట. కొలువు దొరికితే ఎడ్లు ఉంటయ్. గంతే లెక్క.

మేనేజరమ్మ అంటే ఎట్లుండె అనుకున్నవ్... తెల్ల చీర, చేతుల గొడుగు, వాన లేకున్న గొడుగే. ఆమె చెల్లెలు వికారాబాద్‌ల నర్సు. ఆ చెల్లెలు మొగడు మాకు దూరపు చుట్టం గూడ అయితడు, వాళ్ల పెండ్లికి పోయినప్పుడు నా చెప్పులు పోయినయ్... సరే, అది వేరే ముచ్చట.

శనివారం పొద్దుగాల్ల యాదగిరి ఉరికొచ్చిండు. యాదగిరి అంటే బండ్లకు, తలుపులకు రంగులేసేటోడు, నా ఈడోడే. ఊర్ల భాగోతం పెట్టిన్రు ఆ దినం. రాక్షసుని వేషం కట్టే బాలయ్య బస్సుకు అడ్డం కూసున్నడని పోలీసులు పట్టుకపోయిన్రు. రాక్షసుడు లేకుంటే భాగోతం ఎట్ల నడుస్తది?

"నువ్వు రావాలె అన్నా" అన్నడు.

"నాకేం వస్తదిరా?"

"చదువుకున్నోనివి, పద్యం జల్ది పట్టుకుంటవ్. మళ్ల నీకు మొటిమలున్నయ్. సగం వేషం ముందే తయారున్నది."

చూడు, ఎట్ల అన్నడో. నాకప్పుడు మొటిమలంటే మామూలు మొటిమలు కావు. జొన్నలు ఆరబోసినట్టుండె మొఖం.

రూతమ్మత్త ఒప్పుకోలే. "మన చర్చి సంఘపెద్ద ఏసోబు ఏం చెప్పిండు? భాగోతం చూడనీకి పోవద్దని చెప్పలేదా?" అన్నది.

అవ్వ చేటల బియ్యం చెరుగుతున్నది. "చూడొద్దన్నడు వదినే. ఆడొద్దనలేదు. రంగు పూసుకున్నోడు ఎదురుంగ నిలబడ్డోళ్లను చూస్తడు గని, భాగోతం చూస్తడా?" అన్నది. మా అవ్వ బడికి పోలేదు గని పోయుంటే వకీలు అయితుండె.

ఇగ రంగు. రాక్షసునికి నీలిరంగు పూస్తరు. బట్టలకేసే నీలిమందు, సఫేదా అనే తెల్లపొడి, కొబ్బరినూనె కలిపి పూస్తే సబ్బుతోటి పోతది. కాని ఆ ఏడు ఊర్ల నీలిమందు ఎక్కడుంది? గోడల మీద నినాదాలు రాసి రాసి పోరలు మొత్తం ఖతం చేసిన్రు. చేవెళ్ల దుకాణంల గూడ లేదు. యాదగిరి ఏం చేసిండు? తలుపులకేసే డబ్బా రంగు తెచ్చిండు.

"ఒరే, ఇది తలుపులదిరా" అన్న.

"పట్వారీ ఇంటి తలుపుకేసినదే అన్నా, మంచి రంగు. మూడు వానలు తట్టుకున్నది."

తట్టుకుంటదని చెప్పి పూసిండు వాడు నాకు! నేను సుత కూసున్న, బీఎస్సీ చదివి.

మళ్ల రాత్రిపూట గుంపులు కూడొద్దని దండోరా ఏసిన్రు గనక, ఆ దినం పగటి భాగోతం. మిట్టమధ్యాహ్నం, నెత్తి మీద ఎండ, మొఖానికి తలుపు రంగు. జర సేపట్ల ఎండి గట్టిగైంది. నవ్వితే పగుళ్లు, కనుబొమ్మలు పైకి లేవయి. రాక్షసుడు కోపం జెయ్యాలె గదా, నాకు కోపం రాకపాయె, సంతోషం రాకపాయె. మొఖం తలుపు తీర్గ ఉన్నది.

సభల కొచ్చి, నా ప్రతాపం చెప్పే పద్యం మొదలు పెట్టిన. సగం దాక వచ్చిన, ముందటిది యాదికి రాలే. మద్దెలోడు కొడుతనే ఉన్నడు. ఏం జెయ్యాలె? రాక్షసుడు అన్నంక ఊర్లు గెలవాలె గదా అని తెలిసిన ఊర్లన్ని గెలుచుకుంట పోయిన. అదే రాగంల. "ముడిమ్యాల తొక్కిన, చేవెళ్ల వంచిన, మొయినాబాద్ మింగిన, చిల్కూరు చెరిపిన, జన్వాడ నా జేబుల ఏసిన, గండిపేట చెరువును ఒక్క గుక్కల తాగిన!" జనం ఈలలు. కాపలాకొచ్చిన పోలీసాయన లేసి నిలబడ్డడు. పట్నానికి తాగే నీళ్లు అక్కడినుంచే పోతయ్ గదా, ఇది గూడ పోరాటంల భాగమా అని ఆయనకు అనుమానం. యాదగిరి పోయి నచ్చజెప్పిండు, "ఉత్తగనే అన్నడు సార్, తాగడు" అని.

సరే. ఇంటికొచ్చి సబ్బు పెట్టి కడిగిన. నురుగు తెల్లగనే వచ్చింది, తెల్లగనే పోయింది. రంగు చెక్కుచెదరలే. అద్దంల చూసుకుంటే నీలి రాక్షసుడు. తెల్లారితే చర్చి.

"అయ్యో నా ఎడ్లు!" అన్నది అవ్వ. కొడుకా అనలే చూడు, ఎడ్లు అన్నది.

అత్త కొబ్బరినూనె సీసా తెచ్చింది. అవ్వ శనగపిండి, పెరుగు కలిపింది. యాదగిరి దీపాలల్ల పోసే గ్యాస్‌నూనె డబ్బా పట్టుకొచ్చిండు. ముగ్గురు ఒక్కసారే నా మొఖం మీదికొచ్చిన్రు. నాదే మంచిదంటే నాదే మంచిదని లొల్లి. ఆఖరుకు నేనే చెప్పిన, నొసలు అవ్వకు, ఎడమ చెంప అత్తకు, కుడి చెంప యాదగిరికి, గదువ, అంటే గడ్డం, నాకు. ఎవ్వరిది వాళ్లు చూసుకోండ్రి, ఒకరి హద్దుల ఇంకొకరు చెయ్యి పెట్టద్దు.

ముక్కు సంగతి మర్చిపోయిన.

"ముక్కు నొసలు కిందిదే, నాకే రావాలె" అన్నది అవ్వ.

"చెంపల నడుమ ఉన్నది, నాకు రావాలె" అన్నది అత్త.

బయటేమో రాష్ట్రం కోసం కొట్లాట, ఇంట్లేమో ముక్కు కోసం. ఎటూ తెగకపాయె, పక్కకు పెట్టిన్రు.

ఇగ ఫలితాలు విను, నీకు పనికొచ్చేది ఇక్కడ ఉన్నది. యాదగిరి గ్యాస్‌నూనె గుడ్డకు అద్ది రుద్దిండు. రంగు పటపట లేచొచ్చింది, అబద్ధమాడొద్దు. కాని దాంతోటి తోలు గూడ వచ్చినట్టయింది. చెంప నిప్పుల మీద పెట్టినట్టు మండింది, ఒక్కో మొటిమ బఠాణి గింజంత లేచింది. "రంగు పోయింది గదా" అంటడు వాడు. పోయింది రా, చెంప సుత పోయింది!

నా గదువకు మళ్ల సబ్బే పెట్టిన, చదువుకున్నోన్ని గదా. ఏం కాలే. ఎండిపోయి గుంజినట్టయింది. దాంతోటి రంగుకు ఇంక జర మెరుపొచ్చింది.

అవ్వ శనగపిండి నొసల మీద గోడకు సున్నమేసినట్టు ఏసింది. రంగు కింద, పిండి మీద. రెండు గట్టిపడ్డయ్. అత్త కొబ్బరినూనె మెల్లగ రాసింది, ఎడమ చెంప మీద రంగు మెత్తబడ్డది గని ఊడిపోలే, జిడ్డుజిడ్డుగ చెవి దాక పారింది.

అవ్వ నీళ్లకు బాయి కాడికి పోయింది. అత్త అటూ ఇటూ చూసింది. పిండి గీకి, అవ్వ హద్దుల ఉన్న నొసలుకు గూడ నూనె రాసేసింది. "చెప్పకు రా, పిలగా" అన్నది. అవ్వ వచ్చి తెల్వక ఆ నూనె మీదనే మళ్ల పిండి పూసి, నీళ్లు పోసి, మెల్లగ తుడిచింది. బిడ్డా, నొసలు చందమామ లెక్క బయటపడ్డది! రంగు లేదు, మంట లేదు, ఎరుపు లేదు.

"చూసినవా నా పిండి!" అన్నది అవ్వ.

"నా నూనె లేకుంటే ఏడుంటుండె నీ పిండి!" అన్నది అత్త. రహస్యం తానే బయటపెట్టుకున్నది.

అదే అసలు సంగతి. ముందు నూనె రంగును కరిగియ్యాలె, తర్వాత పిండి నూనెను తీసుకపోవాలె. రెండిట్ల ఏది అని కాదు, ఒకదాని వెంట ఒకటి. రుద్దుడు అసలే వద్దు. మొటిమలోళ్లు నూనె ఉంచుకొని పండుకోవద్దు గూడ, నాకు ఎడమ చెవి కింద నూనె మిగిలిపోయి వారంల కొత్త మొటిమలు లేచినయ్. కొబ్బరినూనె అయితే ఇంక చెడ్డది. నీ సీసాది వేరే ఉండొచ్చు, నాకు తెల్వది, గింత చిన్న అక్షరాలు రాస్తె ఎట్ల చదవాలె?

అప్పుడు గూడ ఆ తీర్గ చేస్తే ముక్కు మీది రంగు గూడ పోతుండె. కాని ముక్కు మీద ముందు ఎవరి చెయ్యి పడాలెనని ఇద్దరు తిరగబడ్డరు. "నువ్వు తాకితే నేను తాకను" అని. చెంపల మీది, గదువ మీది రంగు ఎట్లనో తీసిన్రు. అవ్వ అలిగి పొయ్యి కాడికి పోయింది, అత్త అలిగి మంచం ఎక్కింది, యాదగిరి నేను ఎటూ లేనని ఇంటికి పోయిండు. నేను తీసుకుంటనంటే ఇద్దరు ఒక్కటై నన్ను తిట్టిన్రు. తెల్లారి చూస్తే ఎర్రటి మొఖం మీద నీలి ముక్కు.

చర్చికి పోయిన, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని. సర్ది అయినట్టు. మేనేజరమ్మ ముందటి బెంచీ మీద, గొడుగు ఒళ్లె. వాక్యం చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగ ఉన్నది, సీసాల నుంచి మాట్లాడినట్టు.

"రుమాలు తియ్యి బాబూ" అన్నది ఆమె. "పిల్లలకు సారు మొఖం కనపడాలె."

నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ కండ్లు మూసుకున్నది, ప్రార్థన చేస్తున్నదో, ఎడ్లకు సెలవు చెప్తున్నదో. తీసిన.

పిల్లలు కిసుక్కున నవ్విన్రు. "ఇదేంది?" అన్నది మేనేజరమ్మ.

"రంగు అమ్మా. నిన్న భాగోతంల రాక్షసుడు ఏసిన" అన్న. ఇగ చెప్పనీకి వేరే ఏమున్నది?

సంఘపెద్ద ఏసోబు లేసిండు. మొయినాబాదోడు, కోపం ముక్కు మీదనే ఉంటది. "సిగ్గుచేటు! చర్చి పిలగాడు భాగోతమాడుడా? అందుల పద్యం గూడ మర్చిపోయిండు! మర్చిపోయినోడు ఊకోవాలె గదా, మొయినాబాద్‌ను మింగినంటడా? ఒక్క మాటల? చేవెళ్లనేమో ఉత్తగ వంచిండట, మమ్ములనేమో మింగిండట!"

చర్చిల అందరు ఆయన దిక్కు తిరిగిన్రు. ఏసోబు నోరు తెరిచింది తెరిచినట్టే ఉన్నది.

"మీకెట్ల తెలుసయ్యా?" అన్నది మేనేజరమ్మ.

"చెప్పిన్రు... ఎవరో."

ఆడోళ్ల దిక్కు నుంచి ఒక ముసలవ్వ లేసింది. "మర్చిపోలే పాపం. ఎండకు రంగు గట్టిపడి నోరు తెరువరాలే. నేను ముందటనే కూసున్న." దాని పక్కకున్నామె, "ఏడ ముందటవు, నాకు వీపు అడ్డం పెట్టినవ్" అన్నది. ఇగ చూడు! ఇటుపక్క నుంచి ఒకడు మద్దెల బాగలేదంటడు, అటుపక్క నుంచి ఒకడు జన్వాడను జేబుల ఏసుడు బాగున్నదంటడు. ప్రార్థన జేపిచ్చే అయ్యగారు బల్ల మీద చేత్తోటి కొట్టుకుంటనే ఉన్నడు, ఊకుంటే గదా. సగం సంఘం ముందటి దినం భాగోతం కాడనే ఉండె, నెత్తి మీద తువ్వాలలు కప్పుకొని.

మేనేజరమ్మ గొడుగు నేలకు తాటించింది. "మర్చిపోయినంక ఏం చేసిండు?" అని ముసలవ్వను అడిగింది.

"ఊర్ల పేర్లు చెప్పిండమ్మా. ఒక్క ఊరు రెండుసార్లు రాలే. చెరువు గూడ చెప్పిండు."

"రాగం?"

"రాగం తప్పలే" అన్నది ఎవరనుకున్నవ్? ఏసోబు. కోపంల ఉన్నడు గని, అబద్ధం రాదు మనిషికి.

మేనేజరమ్మ గొడుగు నా ముక్కు దిక్కు చూపింది. "పాఠం మర్చిపోతే పారిపోయేటోళ్లను చూసిన. ఊర్లు లెక్కపెట్టేటోన్ని ఇప్పుడే చూస్తున్న. భూగోళం చెప్పనీకి ఇంక ఏం కావాలె? సోమారం నుంచి రా. పిల్లలకు మొయినాబాద్ మ్యాపుల ఏడున్నదో చూపియ్యి, మింగకు" అన్నది.

ఎడ్లు ఉన్నయ్ బిడ్డా. కాలేజీ తెరిచేదాక ఆ బడిల చెప్పిన, తెరిచినంక పోయిన, డిగ్రీ సుత అయింది. ఆ దినం చర్చి నుంచి నడిచి వస్తుంటే తొవ్వకు ఆ పక్క అవ్వ, ఈ పక్క అత్త నడిచిన్రు. ఊరు కనపడంగనే అవ్వ అన్నది, "నొసలు మెరిసింది గనకనే కొలువిచ్చింది ఆమె. అది నా పిండి." అత్త ఆగి, చెప్పు విడిచి రాయి దులుపుకొని, "నొసలు ఎవరు చూసిన్రు మార్తమ్మా? చర్చి అంత ముక్కే చూసింది. దాన్ని నువ్వు ముట్టకుండ ఆపింది ఎవరు, నేను కాదా?" అన్నది.

ఇద్దరు పోయేదాక అది తేలనే లేదు.

పో బిడ్డా, రెండు సీసాలు తీసుకపో. ముందు నూనె, తర్వాత నురుగు, మెల్లగ. నీ మొఖం మీద నీ పెత్తనమే నడవాలె, ఎవ్వరికి వాటా ఇయ్యకు. సల్లగ ఉండు... అద్దాలేడ పెట్టిన మళ్ల...