పెట్టెలో పసుపు పువ్వు

అబ్బ, నా సంచీ జిప్పు సంగతి వదిలెయ్యండి పిన్నిగారూ! అరగంట నుంచీ చూస్తున్నాను, ఒక్కో పన్నూ తడుముతూ కూర్చున్నారు. దాంట్లో లోపం ఏం లేదు. మంచి జిప్పే. పొద్దున్న బస్టాపులో నిలబడి నేనే గుంజి ఊడగొట్టాను.

ఎందుకంటారా? మరి ఉత్త చేతులతో వచ్చి మీ షాపులో ఎలా కూర్చోను?

వద్దు వద్దు, ఆ గుండుసూదులు నోట్లోంచి తియ్యకండి. అలాగే ఉండనివ్వండి. మీరు మాట్లాడితే నేను ఆగిపోతాను. ఒకసారి ఆగానా, ఇంక నోరు పెగలదు. నా సంగతి నాకు తెలుసు.

నత్తమ్మా.

చూశారా, చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు ఈ వీధిలో ఎవరికీ తెలీదు కదూ. తెలిసినవాళ్ళం ఫోన్లో ఆ ఆట ఆడుతూ ఒకే దీవిలో ఉన్న మనం పదకొండు మందిమే.

నేను మబ్బుని. అవునండీ, ఆ మబ్బునే. మీ పక్క గుడిసె.

అలా చూడకండి. ఇంత పొడుగ్గా ఉంటాననుకోలేదా? నేనూ మిమ్మల్ని ఇలా అనుకోలేదు. ఎవరో చిన్నపిల్ల, బద్ధకం ఎక్కువ, అందుకే అంత నెమ్మదిగా నడుస్తుంది అనుకున్నాను. మీ కుడి చెయ్యి ఇలా ఉందని... పక్షవాతమా? ఆఁ, సూదుల సందులోంచి గొణిగినా అర్థమవుతోంది లెండి. వేళ్ళు కదుపుతూ ఉండమని డాక్టరు చెబితే ఆట మొదలెట్టారా? అయ్యో. ఒక్కసారి చెప్పి ఉంటే మీకు ఆ పేరు పెట్టేవాళ్ళమా?

పెట్టేవాళ్ళమేలెండి. నవ్వు రావాలే కానీ, మనుషులు దేన్ని వదులుతారు?

ఇల్లెలా తెలిసిందంటారా? మీరే చెప్పారు ఒకసారి. బస్సులు మళ్ళే చోట నీలం తలుపు, సంచీల జిప్పులు బాగుచేస్తాను, ఎవరికైనా చిరిగితే రండి అని. అందరం నవ్వాం. నేను ఇదే ఊళ్ళో ఉంటాను. రెండు బస్సులు మారాలి, అంతే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాను. చదువు పదో తరగతితో సరి.

మా అమ్మకి మీ గురించి చెప్పేవాణ్ణి, తెలుసా? పక్కింటావిడ అలా అంది, పక్కింటావిడ ఇలా అంది అని. మా అమ్మ, "లేని దీవిలో లేని గుడిసె, దానికి మళ్ళీ పక్కింటావిడొకతా! ఉన్న పక్కింటాయన బిందె అడిగితే మాత్రం నీకు చెవులు వినపడవు" అనేది.

కానీ మనం పెట్టుకున్న పద్ధతి ఎంత బాగుండేదండీ! ఉమ్మడి పెట్టెకి తాళమే లేదు. కలపా, ఇనుమూ, విత్తనాలూ, ఎవరికేది కావాలంటే అది తీసుకోవడమే. అడగక్కర్లేదు. తీసిన గడిలో తన గుమ్మం ముందు పూసిన పువ్వొకటి పెడితే చాలు. నాది ఎరుపు, మీది పసుపు, సారంగన్నది తెలుపు. తీసింది నేనే, దొరకగానే మళ్ళీ పెడతాను అని దాని అర్థం. "తాళం వేసుకుంటే మనలో దొంగున్నాడని మనమే చాటినట్టు" అనేవాడు సారంగన్న, మన గుంపు పెద్ద. పక్క దీవులవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆ పెట్టె తెరిచి పూలు చూసినప్పుడల్లా ఒళ్ళు పులకరించేది. లోకమంతా ఇలా ఉంటే ఎంత బాగుండు అనుకునేవాణ్ణి.

అనుకున్నవాణ్ణే...

నీలిరాళ్ళు తీసింది నేను.

మొత్తం. అన్నీ. మీరు కాదు, నేను.

కుట్టుకోండి, కుట్టుకోండి. నన్ను చూడకండి. చూస్తే చెప్పలేను.

రోజుకి మనిషికి ఒక్క రాయే దొరికేది కదా. అయిదు నెలలు తవ్వాం, ఓడ కట్టాలని. తుఫాను వారం వచ్చేలోగా ఓడ కాకపోతే దీవితో పాటు మనమూ మునిగిపోతామని. మాకు ఆ ఒక్క రాయి రెండు నిమిషాల పని. మీకు ఒక పూట పట్టేది. "నత్తమ్మ రాయి ఇంకా దారిలోనే ఉంది" అని ఏడిపించేవాళ్ళం. ఆ రాళ్ళు కూడా ఎత్తుకెళ్ళాను నేను.

ఎందుకంటే... నవ్వకండి మరి. నవ్వినా ఫర్వాలేదు కానీ నోట్లో సూదులున్నాయి, జాగ్రత్త.

మెరుపు అని ఒకమ్మాయి. పక్క దీవి. మధ్యాహ్నం నేను షాపులో మిషను వెనక అన్నం డబ్బా తెరుచుకుని కూర్చునే వేళకి మన ఒడ్డుకి వచ్చేది. ఏమీ అడిగేది కాదు. పక్కన కూర్చునేది. "మీ దీవిలో సముద్రం రంగే వేరు" అనేది. ఒకటే ఆట, ఒకటే సముద్రం, రంగు వేరెలా ఉంటుందండీ? కానీ తను అన్నాక నాకూ వేరుగానే కనిపించింది.

ఒకరోజు, "మబ్బూ, నీ మాటలు వాన ముందు గాలిలా ఉంటాయి" అని రాసింది. అంతే. మూడు రోజులు నేను నేలమీద లేను. ఒకాయన ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి పంపేశాను. మా ఓనరు, "ఏరా, ఆయన మెట్లనుకుని గోడ ఎక్కబోయాడట" అని చెడామడా తిట్టాడు. తిడుతుంటే కూడా నవ్వొచ్చింది నాకు. నాతో అలాంటి మాట ఎవరన్నారు చెప్పండి, పుట్టి బుద్ధెరిగాక?

తరవాత వారం, వాళ్ళ ఓడకి నీలిరాళ్ళు చాలలేదంది. మూడు రోజుల్లో ఇచ్చేస్తానంది. "నిన్ను కాక ఎవర్ని అడగను?" అంది.

కొన్నే తీద్దామని వెళ్ళాను. ఒట్టు. ఇన్ని తీసుకెళితే ఎంత సంతోషిస్తుందో, ఇంకొన్ని తీసుకెళితే ఇంకెంతో... అలా అలా పెట్టె అడుగు కనిపించింది.

ఇంక ఆ పువ్వు. అది కావాలని చెయ్యలేదు నత్తమ్మా. నేనెంత వెధవనైనా మీ మీదకి నెట్టాలని మాత్రం చెయ్యలేదు. ఒడ్డున ఆ పిల్లతో కూర్చుని కూర్చుని నా మొక్కకి నీళ్ళు పొయ్యడం మానేశాను. ఎండిపోయింది. మీరు చూసి, "గుమ్మం బోసిగా ఉంది నాయనా, ఇవి పెట్టుకో" అని గుప్పెడు పసుపు పూలు ఇచ్చారు. అవి నా సంచిలో ఉండిపోయాయి. పెట్టెలోంచి తీస్తే పువ్వు పెట్టాలి, అదే అలవాటు. మనసు దొంగతనం చేస్తోంది, చెయ్యి మాత్రం పద్ధతి ప్రకారం పోయింది. ఏ పువ్వు పెట్టానో కూడా చూసుకోలేదు.

దొంగతనానికి వచ్చి గుర్తు పెట్టి పోయేవాడు ఎక్కడైనా ఉంటాడా? మన గుంపులోనే ఉంటాడు.

సాయంత్రం సారంగన్న ఫొటో పెట్టాడు. ఖాళీ పెట్టె, మధ్య గడిలో ఒక్క పసుపు పువ్వు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. మెరుపు ఇచ్చేస్తుంది కదా, చెప్పకుండానే అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. మూడు రోజులన్న మనిషి మూడో రోజుకి పేరు మార్చుకుని మాయమైపోయింది. అసలు ఆడపిల్లో కాదో కూడా నాకు తెలీదు.

పంచాయితీలో మీరు రెండే ముక్కలు అన్నారు. "పువ్వు నా చెట్టుదే. రాళ్ళు నేను తియ్యలేదు." ఆ పూలు ఎవరికిచ్చారో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మీకు తెలుసు కదా! తెలుసు కదా మీకు!

నేనే చెబుతానని ఆగారా?

అయ్యో, అలా తల ఊపకండి. ఊపకండి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. దొంగని చూసి మరీ నమ్మారు.

మిమ్మల్ని పంపెయ్యాలనుకునేవాళ్ళు దీపం ఎత్తండి అన్నాడు సారంగన్న. అందరూ తటపటాయిస్తున్నారు. మొదటి దీపం నాది. ఆలస్యం చేస్తే నన్ను అనుమానిస్తారని. నాది చూసే మిగతావాళ్ళు ఎత్తారు. తరవాత మీరు ఒడ్డుదాకా నడిచి వెళ్ళడం... ఎంతసేపు నడిచారండీ! దారిలో చెట్టుకి గుద్దుకున్నారు, వెనక్కి తిరిగారు, మళ్ళీ గుద్దుకున్నారు. ఎవరో నవ్వారు. నేను కాదు. నేను అప్పటికే చూడలేక ఫోను బోర్లా పెట్టేసి అద్దం అరగదీస్తున్నాను, దానికి ఎవరి పేరు రాసి ఉందో కూడా చూడకుండా.

రోజూ పొద్దున "అందరూ లేచారా?" అని మీరు పెట్టే కబురు లేదిప్పుడు. ఆ వేళకి గుంపు అలికిడి లేకుండా ఉంటుంది. ఎవరూ పైకి అనరు.

ఆట తీసేశారా ఫోన్లోంచి? లేదా? రోజూ తెరుస్తున్నారా? తెరిచి... నీళ్ళలో దూరంగా నిలబడి మన దీవి చూస్తున్నారా?

చంపేశారు నత్తమ్మా.

సరే. అసలు విషయం ఇంకా చెప్పలేదు. నిన్న సారంగన్న గుంపులో మాట్లాడాడు. మెరుపు వాళ్ళ ఓడ నీలంగా మెరుస్తూ పోవడం ఎవరో చూశారట. "నత్తమ్మకి ఆ దీవితో పొత్తేముంది? మనం తొందరపడ్డామేమో. తన పూలు ఎవరికైనా ఇచ్చిందేమో. రేపు మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి అడుగుతాను" అన్నాడు. రేపంటే ఇవాళ.

వినగానే తేలు కుట్టిన దొంగనయ్యాను.

మీ కాళ్ళమీద పడటానికి వచ్చాననుకుంటున్నారు కదూ? బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనూ అదే అనుకున్నాను. ఏడవడం కూడా ఊహించుకున్నాను, మీరు నా తల నిమరడం కూడా. కానీ అందుకు రాలేదండీ. ఎవరికిచ్చానో గుర్తులేదు అని ఆయనతో అనమని అడగడానికి వచ్చాను. మీరు ఎలాగూ బయటికి వెళ్ళిపోయారు, నేనైనా లోపల మిగలనా అని. నాకు ఆ గుంపు తప్ప ఎవరున్నారు అని.

అవును, "నిన్ను కాక ఎవర్ని అడగను" అని ఆ పిల్ల నాతో అన్నలాంటి మాటే. నాకూ ఇప్పుడే తెలిసింది.

సూదులు తీసేశారు. ఏమైనా అంటారా? అనండి. తిట్టండి. ఊరికే అలా చూడకండి.

ఫోను... మోగుతోంది. ఆయనేనా?

ఎత్తరే? నా వంక చూస్తారేం? నేనేం అడ్డం పడటం లేదు కదా, మీ ఫోను, మీ ఇష్టం... ఎత్తండి మరి...

ఆగిపోయింది.

హమ్మయ్య.

పైకే అన్నానా? విన్నారా? ఇంతా చెప్పి, ఇంతా ఏడ్చి, నా నోటికి ముందొచ్చిన మాట అదీ.

మీరే చెయ్యండి తిరిగి. ఆయనకి మీరే చెప్పండి. నన్నే చెప్పమంటారా? వద్దు, ఆ ఫోను ఇటు జరపకండి. ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు, ఏం చెప్పాలో కూడా తెలుసు. అయినా సరే, ఆ ఫోను నా చేతికి మాత్రం ఇవ్వకండి.