యాభై ఆరు కేజీలు

ఆదివారం మధ్యాహ్నం. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లకు దగ్గర్లోని పోలీస్ స్టేషన్. బల్లకు ఇటుపక్క గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే సవిత, అటుపక్క ఎస్సై మాల. పక్కగదిలో సవిత తమ్ముడు మునేష్ కూర్చుని ఉన్నాడు.

"మళ్ళా మొదట్నించి చెప్పు. నీ మొగుణ్ణి కొట్టింది ఎవరు?"

"నేనే మేడమ్."

"పక్క రూములో మీ తమ్ముడు నేనే కొట్టినానంటా ఉండాడు. పదకొండుకే వచ్చి కూర్చున్నాడు."

"వాడు కొట్టలేదు."

"నువ్వేమో పన్నెండున్నరకి వస్తివి."

"వాడు ఈడికొచ్చింది నాకి తెలీదు. మా అత్త చెప్తే తెలిసింది. తెలిసిన వెంటనే నడిచొచ్చినాను."

"దేంతో కొట్టినావప్పా అంటే పార కట్టెతో అన్నాడు. ఆస్పత్రి నించి డాక్టరు ఫోన్లో ఏమన్నాడో తెలుసా? కట్టె దెబ్బ ఒక్కటీ లేదంట. కుడి భుజం కీలు జారిపోయిండాది. మూడు పక్కటెముకలు ఇరిగిండాయి. దవడ రెండు చోట్ల పగిలిండాది."

"దవడ నా పిడికిలే మేడమ్."

"ఏదీ, చెయ్యి చూపించు. కణుపుల మింద తోలే లేదు కద. కట్టు కట్టించుకోలేదా?"

"పనికి పోయేదాన్ని. కట్టు కడితే సూది పట్టేకి కాదు."

"పనికి పోతావా? నువ్వు యాడ కూర్చోని ఉండావో తెలుస్తా ఉందా నీకు? సరే. నీ మొగుడు, ఆ మోహన్‌కుమార్, ఎంత బరువుంటాడు?"

"ఎనభై నాలుగు. పోయిన నెల తూగినాడు."

"నువ్వు?"

"యాభై ఆరు."

"యాభై ఆరు కేజీల ఆడమనిషి ఎనభై నాలుగు కేజీల మొగోణ్ణి ఉత్త చేతుల్తో ఇంత చేసిందని రాస్తే కోర్టులో నవ్వుతారు. నా చేతిరాత చూసి నవ్వుతారు. నిజం చెప్పు. మీ తమ్ముడు కాకపోతే ఇంకెవరుండారు నీ జతలో?"

"ఎవరూ లేరు."

"నువ్వు తెలుగులోనే చెప్పమ్మా. మా ఊరు కురుడుమలె, నాకీ ఇదే మాట. కన్నడంలో నేను రాసుకుంటాను. ఫ్యాక్టరీకి ఎట్ల పోతావు?"

"సైకిల్లో. బంగారపేట రోడ్డు. పోను పదహైదు కిలోమీటర్లు, రాను పదహైదు."

"దినామూ?"

"వారానికి ఆరు దినాలు. పెండ్లయినప్పట్నించీ. ఆరేండ్లు."

"అట్ల తొక్కేవాళ్ళు ఎండిపోతారు కద. మా దొడ్డప్ప, అదో ఆ కానిస్టేబులు, రెండు నెలలు సైకిలు తొక్కి బెల్టుకి ఇంకో రెండు తూట్లు ఏయించుకున్నాడు. నీ భుజాలు చూస్తే అట్ల లేవే."

"నేనూ ఎండిపోయినాను మేడమ్. పెండ్లినాటికి యాభై రెండు. నాలుగేండ్లకి నలభై మూడుకొచ్చినాను. అప్పుడే ఎత్తేసినాడు."

"కొట్టినాడా?"

"కొట్టేది ముందర్నించీ ఉండాది. ఎత్తేసింది అప్పుడే. నడుముకాడ పట్టుకోని ఎత్తి గోడకేసి కొట్టినాడు. కిందపడితే మళ్ళా ఎత్తినాడు. మూడోసారి ఒక్క చేత్తోనే ఎత్తి నవ్వినాడు. గోనెసంచి గూడ ఇంతకన్నా బరువుంటాది అన్నాడు."

"తాగి ఉండెనా?"

"అందరూ ఇదే అడుగుతారు. ఆయన తాగడు మేడమ్. టీ గూడ తాగడు."

"పుట్టింటికి పోవచ్చు కద. ఏ ఊరు?"

"మాస్తి. పోయినాను, పెండ్లయిన కొత్తలో. ఆయన వెనకాలే వచ్చి వాకిట్లో తమ్ముణ్ణి కొట్టినాడు. వాడికప్పుడు పదహారేండ్లు. ముందర పండ్లు రెండు ఊడిపోయినాయి. చూడండి, ఇప్పుడూ నోరు మూసుకోనే నవ్వుతాడు. మళ్ళా పోలేదు నేను."

"మరి ఎత్తేసినాక ఏం చేస్తివి?"

"ఒక్కటే అనుకున్నాను. కొట్టేది నేను ఆపలేను. ఎత్తేదన్నా ఆపాల. ఎత్తేకి కాకుండా అయిపోవాల."

"ముప్పై కిలోమీటర్లు తొక్కతా బరువెట్ల పెరుగుతావు?"

"నేను చేస్తా ఉండే తప్పు తెలిసినంక పెరిగినాను. ఆదివారాలు బెంగళూరు నించి సైకిళ్ళోళ్ళు వస్తారు కద, గని దిబ్బలు చూసేకి. వాళ్ళలో నయన అని ఒకామె. టీ అంగడి కాడ నన్ను చూసి, పొద్దున ఏం తిని తొక్కతావు అనింది. ఏమీ లేదన్నాను. దిగినాక ఏం తింటావు అనింది. నీళ్ళు తాగి పండుకుంటానన్నాను. పొయ్యిలోకి కట్టెల్లేవని ఇంటి దూలం నరికి పెడతా ఉండావు కద అనింది. తినకుండా తొక్కితే ఒళ్ళు కండనే కాల్చుకుంటాదంట."

"ఏం తినమనింది?"

"ఇది గూడ రాస్తారా మేడమ్?"

"రాసేది లేదు. ఊరికే అడగతా ఉండాను. చెప్పు."

"ఎక్కే ముందర అరటిపండో, రాగి గంజో. దిగినాక గంటలోపల గుడ్లు, లేదంటే పప్పు. రాగిముద్ద వదలొద్దు, దాంట్లోకి ఉలవచారు పెట్టుకో అనింది. దినానికి నాలుగు గుడ్లు, పిడికెడు చెనిక్కాయలు, గ్లాసు పెరుగు. ఒక్క పూట గూడ ఎగ్గొట్టొద్దనింది."

"నాలుగు గుడ్లు ఆ ఇంట్లో నీకెవరు పెడతారు?"

"ఇంట్లో కాదు. ఫ్యాక్టరీలో అక్కయమ్మ అని కాజాలు కుట్టే ఆమె ఉండాది. కోళ్ళు సాకుతాది. ఉడకేసుకోని వచ్చేది. నేను ఆమె రవికెలు కుట్టిచ్చేదాన్ని. సూపర్‌వైజరు అటు తిరిగితే మిషను కింద తలపెట్టి మింగేదాన్ని."

"తింటే కొవ్వు కద పెరిగేది. ఇది కండ."

"సైకిలు కాళ్ళనే చూసుకుంటాది, పైన ఎండిపోతాది అనింది నయన. వారానికి రెండు తూర్లు బరువెత్తమనింది. ఇంగ ఒక దినం కాళ్ళకి సెలవియ్యి, బాగా నిద్రపో అనింది. నిద్రే కష్టమాయె నాకి."

"జిమ్ముకి పోయినావా?"

"యాడ పోయేది? మా మామ గనిలో డ్రిల్లు పట్టినోడు. ఆయన కాలంనాటి ఇనుప కడ్డీలు ఇంటెనకాల పడిండాయి. అవి రెండు కట్టకట్టి మెడమింద పెట్టుకోని కూర్చోని లేసేదాన్ని. సంచిలో ఇసక పోసి భుజానికెత్తేదాన్ని. పన్నెండు తూర్లు ఎత్తి దించేది. మొదట పది కేజీలు. పోయిన నెలకి నలభై అయిదు."

"ఇంట్లోవాళ్ళు చూడలేదా?"

"ఆయన షిఫ్టులో ఉన్నప్పుడు చేసేదాన్ని. మా అత్త మారమ్మ ఒకతూరి చూసింది. మర్నాటినించి నా గిన్నెలో ఇంకో ముద్ద ఏసింది."

"ఎన్ని నెలలు పట్టింది?"

"పద్నాలుగు. మధ్యలో జొరమొచ్చి రెండు కేజీలు పోయింది. మళ్ళా తెచ్చుకున్నాను."

"సరే, ఇంగ పొద్దున్నది చెప్పు."

"పొద్దున్నది చెప్పాలంటే పోయిన ఆదివారంది చెప్పాల. కూరలో ఉప్పెక్కువైందని వచ్చి నడుము పట్టుకున్నాడు. ఎత్తబోయినాడు. కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడినాను. లేవలేదు. ఇంకోసారి పట్టినాడు. లేవలేదు. వదిలేసి నా మొహంలోకి చూసినాడు."

"నువ్వు?"

"నాకి సంతోషమైంది మేడమ్. అబద్ధం చెప్పను. తొక్కతా తొక్కతా పాటలు పాడుకున్నాను. ఈ పొద్దు ఏడున్నరకి వాకిట్లో చప్పుడైతే బయటికొచ్చినాను. సుత్తితో సైకిలు కొడతా ఉండాడు. ముందర చక్రం వంగిపోయింది, పెడలు ఊడిపోయింది. ఎనిమిదో తరగతిలో ఇస్కూల్లో ఇచ్చిన సైకిలు మేడమ్ అది. ఇదే నిన్నిట్ల చేసింది అన్నాడు. ఇంగ నీ మోకాళ్ళ పని చూస్తా, యాడికి తొక్కుకోని పోతావో చూస్తా, అని సుత్తెత్తుకోని నా మిందికొచ్చినాడు."

"చూసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"లైనులో అన్ని తలుపులూ తెరిచే ఉండాయి. ఎవరూ దాటి రాలేదు."

"తర్వాత?"

"చెయ్యి దిగే ముందరే మణికట్టు పట్టుకున్నాను. తిప్పినాను, ఇసక సంచి భుజానికి తిప్పుకుంటామే, అట్ల. లోపల టప్పుమనింది. సుత్తి పడిపోయింది, ఆయనా పడినాడు. రొమ్ము మింద మోకాలేసి బరువంతా పెట్టి కూర్చున్నాను. ఎముకలు పోయింది అప్పుడే. నాకి మోకాలికి తెలిసింది."

"సుత్తి ముట్టినావా?"

"లేదు. కాలితో తోసేసినాను."

"మంచిది. దవడ పడినప్పుడు మెట్టుకి తగిలిండొచ్చు. నువ్వు ఆడికే ఆగిపోయినావు. అంతే కద?"

"లేదు."

"సవితా, బాగా ఆలోచన చేసి చెప్పు."

"మొహం మింద కొట్టినాను మేడమ్. పన్నెండు."

"పన్నెండని ఎట్ల తెలుసు?"

"లెక్కపెట్టినాను. సంచి ఎత్తేటప్పుడు పెట్టే లెక్కే. నోట్లోకి అదే వచ్చింది."

"ఆయన తిరగబడలేదా?"

"ఎడం చేత్తో నా గొంతు పట్టుకున్నాడు. మూడో దెబ్బకి ఆ చెయ్యీ పడిపోయింది."

"మిగతా తొమ్మిది?"

"తెలిసే కొట్టినాను. ఆరో దానికి వద్దు సవితా అన్నాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఎప్పుడో గుర్తులేదు నాకి. ఇన్నాను. ఇని కొట్టినాను."

"మరి ఎందుకు ఆపినావు?"

"పన్నెండయింది."

"చచ్చిపోతాడని అనుకోలేదా?"

"అనుకున్నాను. ఆంబులెన్సుకి నేనే ఫోన్ చేసినాను. బండి వచ్చేదాంకా మెట్టు మింద కూర్చున్నాను. నాకి ఆకలేసింది మేడమ్. ఎట్లాంటి ఆకలంటే, ఎదురుగాలిలో ముప్పై కిలోమీటర్లు తొక్కి దిగినట్ల."

"తిన్నావా?"

"ఆయన్ని ఎత్తుకోని పోయినాక మా అత్త ముద్ద పెట్టింది. ఏడుస్తానే పెట్టింది. కొడుకు కద. చెయ్యి కడుక్కోని తిన్నాను. మా అత్త ఫోన్ చేసిందంట, తింటా ఉంటే తమ్ముడొచ్చినాడు. నా చేతులు చూసినాడు, నెత్తి నిమిరినాడు, బయటికి పోయినాడు. ఈడికొస్తాడని అనుకోలేదు."

"చూడు సవితా. మూడు దెబ్బలంటే నేను రాస్తాను. సుత్తెత్తుకోని వచ్చినాడు, గొంతు పట్టినాడు, ప్రాణం కాపాడుకునేకి కొట్టింది, అని. నిలబడతాది. చెయ్యి పడిపోయినాక తొమ్మిదంటే నిలబడదు. జైలుకి పోతావు."

"మూడు రాస్తే దవడ రెండు చోట్ల యాడ పగులుతాది? డాక్టరు అడుగుతాడు. మిగతాది ఎవరు కొట్టినారంటారు. మళ్ళా తమ్ముడి మిందికే తిరుగుతాది. వాడికి కరెంటాఫీసులో లైన్‌మ్యాన్ ఆర్డరొచ్చిండాది, రేపు చేరాల. పన్నెండే రాయండి."

"రాసినా నమ్మరంటా ఉండాను కద. నేనే ఇంగా సగమే నమ్మినాను. ఆ మూల ఇనుప పెట్టె ఉండాది చూడు. పాత రికార్డులు. నిన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు మోసుకోని వచ్చినారు."

సవిత లేచి వెళ్ళింది.

"యాడ పెట్టాల మేడమ్?"

"అయ్యో, ఉండు, ఉండు. దించు. నడుము పట్టేస్తాది."

"నడుముతో ఎత్తకూడదు. కాళ్ళతో ఎత్తాల."

"సరే దించు. మెల్లగ. కూర్చో. నీళ్ళు తాగు."

"నమ్మినారా?"

"నమ్మినాను. పన్నెండే రాస్తాను. సుత్తి రాస్తాను, గొంతు పట్టింది రాస్తాను, రెండేండ్ల కిందట గోడకేసి కొట్టింది రాస్తాను. నీ మెడ మింద వేళ్ళ గుర్తులు ఉండాయి, ఆస్పత్రికి పంపించి అవీ రాయిస్తాను. ఇంగ వకీలు చూసుకుంటాడు. ఈడ సంతకం పెట్టు. దొడ్డప్పా, ఆ మునేష్‌కి చెప్పి ఇంటికి పంపించు. రేపు డ్యూటీకి పొమ్మను. ఏడుస్తే ఏడవనీ. అట్లే బయట నిలబడి ఆ తలుపేసుకో."

"తలుపెందుకు మేడమ్? సంతకం పెట్టేసినాను కద. ఇంగ ఏముండాది?"

"ఏమీ లేదు. పెన్ను పక్కన పెట్టేసినాను, చూడు. మెల్లగ మాట్లాడు. నాలుగు గుడ్లన్నావు. పొద్దున రెండు, సాయంత్రం రెండా?"

"ఎట్లయినా సరే. ఒక్క దినం గూడ తప్పకూడదు, అంతే."

"నీకంటే సైకిలుండె. నేను పొద్దున్నించి జీపులోనే. ట్రైనింగ్ అయ్యి పదేండ్లాయె. అప్పటి ఒళ్ళు లేదిప్పుడు."

"మీకెందుకు మేడమ్ ఇదంతా? పోలీసోళ్ళు మీరు. మీ మిందికి చెయ్యెత్తేది ఎవరు?"

"ఇంట్లోకి పోతానే యూనిఫారం ఇప్పేస్తాను కద సవితా. నేను నలభై తొమ్మిది కేజీలు. మా ఆయన తొంభై. నాకెన్ని నెలలు పడతాది?"