పారిస్‌ల సాబిర్ దున్నిన సాలు

“నేను పారిస్‌ల మ్యూజియం సూసిన. గంతే. పెద్ద ముచ్చటేం కాదు,” అన్నాడు సాబిర్.

పెద్ద ముచ్చట కాదని అతను అన్నాడంటే ఇక చీకటి పడేదాకా ఎవర్నీ లేవనివ్వడని గద్వాల కోట ముందరి అనంతయ్య చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లకు బాగా తెలుసు. ఆటో నడిపే యేసయ్య తాళంచెవి జేబులో వేసుకుని బెంచీ మీద కాళ్లు ముడుచుకున్నాడు. అనంతయ్య పొయ్యి మంట తగ్గించాడు.

సాబిర్ ఇప్పుడు పెళ్లిళ్లకు బిర్యానీ వండుతాడు గానీ, అంతకుముందు కువైట్‌లో ఓ సేటు ఇంట్లో వంటమనిషి. రెండువేల రెండు ఎండాకాలంలో ఆ సేటు కుటుంబం పారిస్ చూడబోతూ, పిల్లలు బయటి తిండి ముట్టరని సాబిర్‌ను కూడా వెంట తీసుకుపోయింది. అంతవరకు నిజం. మిగతాదంతా ఈ నాలుగేళ్లలో ఈ హోటల్లోనే పెరిగింది.

పెరగకుండా అడ్డంపడే మనిషి ఒక్కడే ఉండేవాడు, వెంకట్రాములు. అయిజ రోడ్డు మీద రేగడి చేను అతనిది. సాబిర్ గాలి నింపుతుంటే కళ్లు మూసుకుని వినీ వినీ ఒక్క మాటతో తుస్సుమనిపించేవాడు. సాబిర్ లబోదిబోమనేవాడు, హోటలంతా గొల్లుమనేది.

ఉగాది ముందర వెంకట్రాములు భార్య హన్మమ్మ దవాఖానలో పోయింది. అప్పట్నుంచి అతను ఇటు రాలేదు. తొలకరి వానల మిరుగు కార్తె దగ్గరపడుతున్నా నాగలి ముట్టలేదు. ఇవాళ సాబిరే ఇంటికి పోయి, వద్దంటున్నా వినకుండా మోపెడ్ మీద ఎక్కించుకొచ్చాడు. వచ్చిన మనిషి చాయ్ వైపు కూడా చూడలేదు. ఓదార్చడం సాబిర్‌కు చేతకాదు. చేతనైంది ఒక్కటే, అదే మొదలుపెట్టాడు.

“దర్వాజ కాడ ఒక జవాను నన్ను ఆపిండు. ఏ దేశమన్నడు. గద్వాల అన్న. వానికి హిందుస్థాన్ తెల్వదు గానీ గద్వాల అంటే కండ్లు పెద్దగ జేసిండు. ‘చీరెల గద్వాలనా?’ అని సలాం గొట్టి, టికెట్ లేకుండ లోపలికి తోలిండు.”

“ఏ భాషల అడిగిండు?” అన్నాడు యేసయ్య.

“వాళ్ల ఫ్రెంచిలనే. పొద్దుగాల విమానం దిగిన, పగటాలకల్ల నాకు మాటలొచ్చేసినయ్.”

సాబిర్ ఓరకంట చూశాడు. ఇంతకంటే చిన్న అబద్ధానికే వెంకట్రాములు కళ్లు తెరిచేవాడు. ఇప్పుడు రోడ్డు వైపు చూస్తున్నాడు, అది కూడా చూస్తున్నాడో లేదో.

“లోపలికి పోతే, మన సాలార్‌జంగ్ మ్యూజియం అసుంటియి యాభై ఒక మూలకు వడ్తయ్. గోడల నిండ బొమ్మలే. ఒక బొమ్మల మేజు మీద చేప, పక్కకు నిమ్మకాయలు. ముక్కు దగ్గర వెట్టి సూస్తి, చేప వాసనొస్తుంది! పెద్ద సారును పిలిపిచ్చి, ‘సాబ్, ఇది నిన్నటి చేప, జర నిమ్మకాయ పిండుండ్రి’ అని జెప్పిన. అటెన్క ఏమైందో ఎర్కేనా? బొమ్మలకెల్లి నిమ్మకాయ దీసి పిండిండు!”

“బొమ్మలకెల్లా?” అన్నాడు అనంతయ్య, చాయ్ వడగట్టే జాలి గాల్లోనే పట్టుకుని.

“మరేంది? ఇప్పటికి సుత ఆ బొమ్మల ఒక నిమ్మకాయ తక్కువుంటది. నమ్మకుంటే పోయి లెక్కవెట్టుకో. పక్క గదిల సముద్రం బొమ్మ ఉండె, తుఫాను వచ్చిన సముద్రం. గట్ల నిలవడి సూస్తుంటె అల వచ్చి కొట్టింది, అంగీ లాగు తడిసి ముద్ద! సేటు పిల్లలు కొట్కపోతుండ్రు. ఒగని చెయ్యి, ఒగని జుట్టు వట్టి ఒడ్డుకు గుంజిన. బీచుపల్లి కాడ కిష్ణల ఈతగొట్టినోన్ని, నాకది ఒక లెక్కనా?”

యేసయ్య పొట్ట పట్టుకున్నాడు. వెంకట్రాములు మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

“పోతనే సాబిర్. పొద్దు వోయింది.”

సాబిర్ కూడా లేచి నిలబడ్డాడు.

ఆ మ్యూజియంలో నిజంగా జరిగింది ఒకటుంది. పిల్లల వెంట తిరిగీ తిరిగీ కాళ్లు పీకుతుంటే ఒక గదిలో బల్ల మీద కూలబడ్డాడు. ఎదురుగోడకు ఓ పెద్ద బొమ్మ. నల్లటి నేల, రెండు ఎడ్లు, నాగలి వెనక ఒక రైతు. దున్నిన మట్టి తడితో మెరుస్తోంది. అచ్చం అయిజ రోడ్డు మీది రేగడి. ఏళ్ల తరబడి ఊరి మొహం చూడని సాబిర్, ఆ పరాయి దేశంలో, పేరు తెలియని ఎవరో వేసిన ఆ మట్టిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పిల్లలు వచ్చి చెయ్యి పట్టి లాగేదాకా లేవలేదు. ఈ సంగతి అతను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. అందులో కోతలకు చోటులేదనిపించేది.

ఇప్పుడు చోటు చేశాడు.

“జరాగన్నా! అసలు ముచ్చట ఇంక చెప్పనే లేదు. ఒక బొమ్మల రైతు దున్నుతుండు. సాలు సూస్తే పాము వోయినట్ల వంకర! నాకు మనసున వట్టలే. చెప్పులిడిసిన, లాగు మడిసిన, బొమ్మలకు దిగిన.”

వెంకట్రాములు అడుగు ఆగింది.

“‘జరుగు పెద్దమనిషీ’ అని నాగలి మేడి వట్టిన. ‘హో’ అన్ననో లేదో ఎడ్లు గుర్తువట్టినయ్, ఇది గద్వాల చెయ్యి అని. దారం వట్టి గీసినట్టు సాలు! ఆ చేను అయిపోయె, చట్రం దాటిన, గోడ దున్నిన, పక్క గది దున్నిన. పారిస్ మొత్తం రేగడి వాసన! మంత్రులు ఉరికొచ్చి కాళ్లు వట్టుకున్నరు. ‘సాబిర్, గీడనే ఉండు, సగం పారిస్ నీ పేర రాస్తం’ అని...”

“ఎడ్లను ఎవడు గట్టిండు?”

మాట మెల్లగానే వచ్చింది. అయినా హోటలంతా అటు తిరిగింది.

“ఏందన్నా?”

“కాడికి ఎడ్లను ఎవడు గట్టిండంటున్న. నువ్వైతే కాదు.” వెంకట్రాములు మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. “యేసయ్యా, వీడు కువైట్ పోకముందు ఒకపారి నా చేను దున్నుతనని వచ్చిండు. ఎడమ దిక్కు ఎద్దును కుడి దిక్కు గట్టి ‘హో’ అన్నడు. అవి బెదిరి ఉరికె. నాగలొక దిక్కు, వీడొక దిక్కు. తడి మట్టిల బొర్లవడి ‘హన్మక్కా, సచ్చిన!’ అని ఒకటే మొత్తుకునుడు. మా హన్మమ్మ సద్దిగంప కింద దించి, కొంగు నోట్ల కుక్కుకొని, నవ్వి నవ్వి గట్టు మీద కూలవడ్డది. అటెన్క ఎన్ని దినాలో, రొట్టె జేసుకుంట జేసుకుంట నవ్వేది.”

దవాఖాన నుంచి వచ్చాక ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు.

హోటలు గొల్లుమంది. “ఇజ్జత్ తీస్తివి గదన్నా!” అని సాబిర్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ చేత్తోనే ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

వెంకట్రాములు ఆగలేదు. “ఆ ఎడ్లు గట్లనే ఆగినయనుకుంటున్నరా? వాగు దాటినయ్, అయిజ దాటినయ్, రాయచూరు సంతల తేలినయ్. మా హన్మమ్మ గట్టు మీదకెల్లి ఒక్క కేకేస్తే మళ్లి వచ్చినయ్!”

అనంతయ్య అనుమానంగా సాబిర్ వైపు తిరిగాడు. “నిజమేనా?”

ఆ దినం ఎడ్లు చేను గట్టు కూడా దాటలేదు. సాబిర్‌కు నిన్నటిలా గుర్తుంది.

“రాయచూరే,” అన్నాడు సాబిర్. “ఆమె కేక గద్వాల దాక ఇనవడ్డది.”