పాతదాని మీద కొత్తది

ఇళ్ళ ప్లాన్లు గీసిచ్చే ఆఫీసు. సర్వర్ గదిలో తోడల్లుళ్ళిద్దరే ఉన్నారు. చిన్నల్లుడిది సర్వర్లు చూసుకునే పని, పెద్దల్లుడిది డ్రాయింగులు గీసే పని. చిన్నల్లుడి దృష్టిలో మొదటిదొక్కటే పని.

“తెరుచుకోవట్లేదా, సేవ్ అవ్వట్లేదా? రెండూ ఒకటి కాదన్నయ్యా. పొద్దున ఫోన్‌లో కూడా ఇదే అడిగాను.”

“అదే తమ్ముడూ, పని అవ్వట్లేదు.”

“పని అవ్వట్లేదంటే నాకేం తెలుస్తుంది? డాక్టరు దగ్గరికెళ్ళి ఒళ్ళు బాలేదు అని చెప్పి ఊరుకుంటారా మీరు? నొప్పి ఎక్కడో చెప్పరా?”

“తెరుచుకుంటోంది. మార్చి సేవ్ కొడితే మాత్రం అనుమతి లేదు అంటోంది.”

“హమ్మయ్య. ఈ ముక్క చెప్పడానికి ఇన్ని మెట్లెక్కి రావాలా? ఫోన్‌లో చెప్తే నోరేమైనా అరిగిపోతుందా?”

“ఫోన్‌లో వద్దనుకున్నా. కోప్పడకు. మధ్యాహ్నం బయటివాళ్ళొస్తున్నారు, ఆ డ్రాయింగు చూడ్డానికి. ఈలోగా సరిచేసి పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది తమ్ముడూ.”

“మీ ఉద్యోగం పోవడం కొత్తా? ప్రింటరు ఆగితే పోతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే పోతుంది. ఇన్నిసార్లు పోయినా మళ్ళీ ఒకటో తారీకుకల్లా ఇంటికొచ్చేస్తుంది.”

“ఈసారి నిజంగా పోతుంది.”

“సరే, కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు లేదు. ఇదిగో, ఇది. ఏ ఫైలు?”

“ఆ పసుప్పచ్చ అపార్టుమెంటు ఉంది చూడు, దానిది. బాల్కనీల డ్రాయింగు.”

“అది కట్టేశారు కదా! జనం కాపురాలు కూడా పెట్టేశారు. ఇప్పుడు దాంట్లో ఏం మారుస్తారు?”

“చిన్న సవరణ.”

“కట్టేసిన ఇంటికి సవరణేంటి?”

“ఇంటిక్కాదు. కాగితానికి. కాగితం సరిగ్గా ఉండాలి కదా. నువ్వు ఫైలు చూడు తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది.”

“మీ బతుకంతా కాగితమే. నిన్న మామగారికి కంటి ఆపరేషను. కట్టు కట్టించుకుని పడుకుని, పెద్దల్లుడు వచ్చాడా, పెద్దల్లుడు వచ్చాడా అని ఆయన ఒకటే కలవరింత. పక్కనే కూర్చుని మందులేస్తున్నవాణ్ణి నేను. నా ఊసే లేదు.”

“రావాలనే అనుకున్నా.”

“అనుకోవడానికి సెలవు పెట్టక్కర్లేదు కదా, హాయిగా అనుకోండి. సెలవు పెట్టింది నేను. ఆస్పత్రి బల్ల మీద నడుం విరగ్గొట్టుకున్నది నేను. వదినగారు మాత్రం మా ఆయనకి ఆఫీసులో ఊపిరాడట్లేదు అని అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు.”

“మేడం కదలనివ్వలేదురా తమ్ముడూ. నిజం.”

“ఒక్క పూట మీరు లేకపోతే ఆఫీసు కూలిపోతుందా?”

“ఆ మాటనకు. కూలడం మాట ఎత్తకు, దండం పెడతా.”

“ఎందుకలా ఉలిక్కిపడతారు? సరే, చూద్దాం. ఫైలు ఇంకెవరి దగ్గరైనా తెరిచి ఉందా? లేదు. చదవడానికే అని టిక్ పెట్టేసుకున్నారా? లేదు. పోయినసారి పెట్టుకున్నారు, గుర్తుందా?”

“గుర్తుంది.”

“పెట్టుకుని, సర్వరు పాడైందని ఊరంతా చాటారు. అదీ గుర్తుందా?”

“ఉంది తమ్ముడూ.”

“డ్రాయింగు వాళ్ళ గ్రూపులో మీ పేరుందా? ఉంది. ఏ మహానుభావుడు చేర్చాడో.”

“నువ్వే చేర్చావు.”

“అదే అంటున్నా. ఫైలు బాగానే ఉంది, మీ పేరూ బాగానే ఉంది. మరి ఎక్కడ తన్నేసింది? ఆగండి, పై ఫోల్డరు చూడాలి. లోపల గది తలుపు తీసి పెట్టుకుంటే సరిపోదు, వీధి గేటు కూడా తీసుండాలి. ఇంతకాలం సర్వర్ మీద పనిచేస్తున్నారు, ఈ మాత్రం తెలీదు మీకు.”

“మాకెలా తెలుస్తుంది.”

“అదిగో! దొరికింది దొంగ.”

“ఎవరు? ఏ దొంగ?”

“మిమ్మల్ని కాదులెండి, కూర్చోండి. పై ఫోల్డరు మీద మీ గ్రూపు మొత్తానికి నిషేధం పెట్టారు. చూడొచ్చు, మార్చకూడదు. కింద ఎన్ని చోట్ల సరే అని ఉన్నా, పైన ఒక్క చోట వద్దు అని పెడితే సర్వరు ఆ వద్దు అన్నదే వింటుంది. మా ఇంట్లో మీ మరదలి పద్ధతీ ఇదే.”

“ఎవరు పెట్టారు?”

“ఇంకెవరు, హెడ్డాఫీసు సర్వర్ వాళ్ళు. నిన్ననే పెట్టారు. నేనొక్క పూట కుర్చీలో లేకపోతే చాలు, వచ్చి కెలికిపోతారు. నాకో మాట చెప్పాలని లేదు, ఎందుకు పెట్టామో రాయాలని లేదు.”

“కావాలనే పెట్టారేమో తమ్ముడూ.”

“కావాలనా? వాళ్ళా? ఒక పని కావాలని చెయ్యాలంటే బుర్రుండాలన్నయ్యా. పోయిన నెల క్యాంటీన్ ఫోల్డరుకి తాళమేసి, జీతాల ఫోల్డరు బార్లా తెరిచి పెట్టిన మేధావులు వాళ్ళు. దేనికో వేయబోయి దీనికి వేసుంటారు.”

“అయినా ఒకసారి మేడంని...”

“మేడంని అడగాలా? ఆవిడకి మౌస్ ఏదో, కళ్ళద్దాల పెట్టె ఏదో తెలీదు. అడిగితే అరగంట వివరించాలి, వివరించాక మళ్ళీ హెడ్డాఫీసుని అడగమంటుంది.”

“హెడ్డాఫీసుని అడగొద్దు. వాళ్ళని మాత్రం అడగొద్దు తమ్ముడూ.”

“అడగను. వాళ్ళని బతిమాలడమంటే నాకు నామర్దా. తాళం తియ్యాలంటే వాళ్ళే తియ్యాలి, దానికి వాళ్ళ పెద్దాయన సరేననాలి, ఆయనెక్కడున్నాడో ఆయనకే తెలీదు. ఈ గోలంతా ఎందుకు? సవరించిన డ్రాయింగు తెచ్చారా?”

“తెచ్చా. పెన్‌డ్రైవులో ఉంది. రాత్రి ఇంట్లో కూర్చుని గీశా.”

“ఇలా ఇవ్వండి. నిషేధం మీ గ్రూపుకి, నాకు కాదు. నా లాగిన్‌లో నేనే ఎక్కించేస్తాను. ఏంటిందులో, ఇన్ని సినిమా పాటలు?”

“అవి మీ వదినవి.”

“వైరస్ ఎవరిది? అదీ వదినదేనా? ఇదేనా ఫైలు?”

“అదే. పేరు మారకూడదు తమ్ముడూ, పాత పేరే ఉండాలి.”

“పాతదాని మీదే వేస్తున్నాను. పేరెందుకు మారుతుంది?”

“మరి పాతది?”

“ఒక కుర్చీలో ఇద్దరెలా కూర్చుంటారు? ఇది కూర్చుంటే అది లేచిపోతుంది.”

“ఇక ఎవరికీ కనబడదుగా?”

“కనబడదు. ఏం, ఫొటో కట్టించి గోడకి తగిలిస్తారా దాన్ని?”

“అహఁ, ఊరికే అడిగా. మార్చింది ఎవరని... పేరు ఎవరిది పడుతుంది?”

“నా లాగిన్‌లో చేస్తే నా పేరు పడక మీ పేరు పడుతుందా? ఏం, మీ పేరు చూసుకోవాలని ముచ్చటగా ఉందా?”

“అబ్బే, అక్కర్లేదు. నీదే ఉండనీ. తేదీ కూడా ఇవాళ్టిదే పడుతుందా?”

“పడుతుంది. ముహూర్తం నచ్చలేదా? నొక్కుతున్నా.”

“తమ్ముడూ, ఆగు.”

“మళ్ళీ ఏంటి?”

“ఒక్కసారి ఆలోచించుకో. తర్వాత నన్ననకు.”

“ఒక ఫైలు కాపీ చెయ్యడానికి ఆలోచనెందుకన్నయ్యా? మీరు ఆలోచించి ఆలోచించే కదా ఇక్కడిదాకా తెచ్చుకున్నారు. ఇదిగో, నొక్కేశా. అయిపోయింది. అనుమతి లేదు అందా? అనలేదు. తెలిసినవాడు చేస్తే ఇంతే.”

“నీ మేలు మర్చిపోను.”

“మర్చిపోతారు. సాయంత్రం వెళ్ళి మామగారికి మొహం చూపించండి, అది చాలు. ఇదేంటి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు? ఫైలు సేవ్ అయితే ఏడుస్తారా ఎవరైనా?”

“ఈ ఏసీ పడదు నాకు.”

“ఏసీకి ముక్కు కారుతుంది. కళ్ళు కారవు. ఏమైందన్నయ్యా మీకు?”

“లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నాం మేడం. రండి.”

“ఇద్దరూ ఇక్కడే ఉన్నారా, మంచిదైంది. వాళ్ళొచ్చేశారు. కింద నా గదిలో కూర్చోబెట్టాను. పోలీసాయన కూడా ఉన్నాడు.”

“పోలీసులెందుకు మేడం?”

“అదేంటి, మీకు తెలీదా? అవును, నిన్న మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదూ. మీ అన్నయ్య చెప్పలేదా?”

“లేదు. ఏమీ చెప్పలేదు.”

“నిన్న పొద్దున ఆ పసుప్పచ్చ అపార్టుమెంటులో బాల్కనీ ఊడిపడింది. బట్టలారేస్తున్న ఆవిడ దాంతోపాటే కిందకొచ్చేసింది. ఇంకా స్పృహ రాలేదట. పాపం, చిన్న పిల్లలున్నారు ఆవిడకి.”

“అన్నయ్యా...”

“కట్టిన మేస్త్రీని రాత్రే తీసుకెళ్ళి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ప్లాన్లో ఎన్ని చువ్వలు గీసుంటే అన్నే వేశానంటాడు, ఒట్టేస్తాడు. ప్లాను కాగితం చూపించమంటే పని అయ్యాక ఎక్కడో పారేశాడట. కాబట్టి మన ఫైలు ఒక్కటే సాక్ష్యం. తప్పు మనదో అతనిదో దాంట్లోనే తేలాలి. అందుకే నిన్న హెడ్డాఫీసుకి ఫోన్ చేసి ఆ ఫోల్డరుకి తాళం వేయించాను. మీరుండుంటే మీ చేతే వేయించేదాన్ని. తెరవండి, చూద్దాం.”

“ఇప్పుడా మేడం?”

“ఇప్పుడు కాక ఎప్పుడు? ఇదేనా? ఇదేంటి, ఇవాళ్టి తేదీ చూపిస్తోంది? పక్కన మీ పేరుంది!”

“అది... తాళం ఎందుకు పడిందా అని... అనుమతులు సరిచూస్తుంటే... సర్వర్లో ఫైలు ముట్టుకుంటే తేదీ మారుతుంది మేడం.”

“ముట్టుకుంటేనే మారుతుందా?”

“ఒక్కోసారి.”

“మీరేమంటారు? గీసింది మీరు కదా.”

“నాకు సర్వర్ల సంగతేం తెలుసు మేడం. తమ్ముడికే తెలియాలి.”

“ఇంత చలి గదిలో ఆ చెమటలేంటండీ మీకు? సరే, చువ్వలు చూద్దాం. దగ్గర దగ్గరగానే ఉన్నాయే! లావుగా కూడా ఉన్నాయి. అమ్మయ్య, నిన్నటినుంచీ గుండె దడే నాకు. అయితే ఆ మేస్త్రీయే చువ్వలు మింగేశాడన్నమాట.”

“ఇక వెళ్దామా మేడం? వాళ్ళు ఎదురుచూస్తుంటారు.”

“ఒక్క నిమిషం. తేదీ చూసి వాళ్ళు ఊరుకోరు. పాత కాపీ కూడా పక్కన పెట్టి చూపిస్తే మాట్లాడ్డానికి ఉండదు. మీరు రోజూ సర్వరంతా బ్యాకప్ తీస్తారుగా? మొన్నటిది తీసివ్వండి.”

“బ్యాకప్పా...”

“అదే. అందులో ఈ ఫైలు ఉంటుందిగా, మొన్న ఎలా ఉందో అలా?”

“మేడం, అసలు ఆ డ్రాయింగులో నేను—”

“మీరుండండన్నయ్యా. మేడం అడుగుతున్నది నన్ను.”

“లేదు తమ్ముడూ, చెప్పనీ. ఆవిడకి పిల్లలున్నారటరా—”

“ఏంటండీ ఇద్దరూ? ఆయనేదో చెప్పబోతున్నారు, చెప్పనివ్వండి.”

“ఆయన నిన్నటినుంచీ తిండీ నిద్రా లేక ఏదేదో మాట్లాడుతున్నారు మేడం. పోలీసులదాకా వెళ్ళిన విషయమని నాకు ముందే తెలిసుంటే నేను—”

“మీరేం చేసుండేవారో తర్వాత. బ్యాకప్ ఉందా, లేదా?”

“లేదు మేడం. మొన్న బ్యాకప్ పడలేదు. అయినా ఒక మేస్త్రీ మాట పట్టుకుని ఇంత గొడవేంటి? ప్లాను చదవడం వాడికి వచ్చి చస్తేగా!”