నిచ్చెన మంచం

హలో… ఆ, నేనే, పిన్నిని. ఈ వేళప్పుడు ఇంట్లో ఇంకెవరుంటారు?

…రొప్పుతున్నానా? ఏం లేదమ్మడూ, వంగి లేచాను. అంతే. నువ్వేంటి, క్లాసులైపోయాయా?

…మంచిది. హాస్టల్లో తిండి ఎలా ఉంటోంది?

…అయ్యో. పోనీ పళ్లైనా కొనుక్కో. …నేనా? తింటాలే, ఆకలిగా లేదు.

…చప్పుడా? ఏం చప్పుడు?

…ఓ, అదా. చేతిలోంచి సుత్తి జారింది.

…సుత్తితో పనేంటంటే… ఇల్లు సర్దుతున్నా. సర్దేటప్పుడు అన్నీ చేతికొస్తాయి కదా.

…ఏ గదంటే… అన్నీ. అటూ ఇటూ.

…ఆ. నీది కూడా.

…లేదు లేదు, నీ పుస్తకాల జోలికి పోలేదు. ఒట్టు. బీరువా తలుపు కూడా తియ్యలేదు. మంచం… నిచ్చెనెక్కి పైన పడుకుంటావే, నీ నిచ్చెన మంచం, అది కాస్త విప్పాను.

…కాస్త అంటే… మొత్తం.

…ఎందుకంటే, నల్లులు. అవును, నల్లులు. పట్టె సందుల్లో కనిపించాయి. నువ్వొచ్చి పడుకుంటే కుట్టి చంపుతాయని, విప్పి, ఎండలో పెట్టి, మందు కొట్టి…

…ఏంటీ?

…అవున్నిజమే. మనిషే పడుకోని మంచంలో నల్లులు ఏం తిని బతుకుతాయి? ఏమో తల్లీ, ఓపిక గల నల్లులేమో.

…నవ్వట్లేదా? సరే.

…ఆ, ఇప్పుడు మళ్లీ బిగిస్తున్నా. అదే చేస్తున్నా. నువ్వొచ్చేసరికి ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంటుంది. ఇంత కూడా తేడా రాదు.

…అవుతోందా అంటే… అవ్వట్లేదు. మధ్యాహ్నం నుంచీ కుస్తీ పడుతున్నా. ఒకవైపు నిలబెడితే రెండోవైపు కూలబడుతుంది. నన్ను చూసి నవ్వుతోంది మంచం.

…ఉంది, మంచంతో పాటొచ్చిన ఆ కాగితం నడవా అల్మరాలో దొరికింది. మాటలుంటేగా అందులో, అన్నీ బొమ్మలే. ఒక బొమ్మలో మనిషి మంచం పక్కన నిలబడి తెగ సంతోషపడుతున్నాడు. ఎందుకో నాకర్థం కాలేదు. పైగా ఆ బొమ్మలో మంచం వేరు, మన మంచం వేరు. అందులో నిచ్చెన కుడివైపు ఉంది. మనది ఎడమవైపు కదా ఉండేది?

…కదా! నాకే మతి పోయిందనుకున్నా. నీకేమైనా గుర్తుందా, ఎలా బిగించారో?

…స్పీకర్లో పెట్టనా? ఉండు. కిటికీలో పెడుతున్నా… ఆ. ఇప్పుడు చెప్పు, రెండు చేతులూ ఖాళీ.

…మంచం కోళ్లు గోడకి ఆనించి నిలబెట్టా. పొడుగు పట్టెలు నేల మీద ఉన్నాయి, అడ్డపట్టీలు తలుపు పక్కన. బోల్టులన్నీ గిన్నెలో వేశా, పోకుండా. చెక్క మేకులు విడిగా.

…ఆ, మేకులు దూరుతున్నాయి. బోల్టు దగ్గరే తిరకాసు. పట్టె కంతా కోడు కంతా కలవట్లేదు. వంకర కీ తిప్పీ తిప్పీ అరచెయ్యి ఎర్రబడింది గానీ, అది మాత్రం పట్టదు.

…చూస్తున్నా… ఆగు. ఇక్కడ రెండు వరసలున్నాయి. అసలు కంతలు ఒక వరస. వాటి పక్కనే ఇంకోటి, వంకరటింకరగా. ఎవరు పొడిచారో గానీ కళ్లు మూసుకుని పొడిచినట్టున్నారు. చెక్కంతా పెచ్చులు లేచింది. ఎవడా వడ్రంగి? చేతకాకపోతే మానెయ్యాలి గానీ, పిల్ల పడుకునే మంచాన్ని ఇలా తూట్లు పొడుస్తాడా ఎవడైనా—

…హలో?

…అమ్మడూ? లైను పోయిందా?

…ఎవరూ?

…అమ్మా? మీ అమ్మ పొడిచిందా ఇవి?

…

…నాకు తెలీదు తల్లీ. నిజంగా తెలీదు. నా నోటికి ముందూ వెనకా ఉండదు… తల తీసేసినట్టుంది నాకు.

…చెప్పు, వింటున్నా.

…ఓ. నిచ్చెన కుడివైపు వస్తే గది తలుపు తెరుచుకోలేదా. అందుకని మొత్తం తిప్పి ఎడమకి పెట్టారా. …మీ నాన్న ఊళ్లో లేరా అప్పుడు? ఇద్దరే? …పక్కింటి వాళ్ల డ్రిల్లు అడిగి తెచ్చి… నువ్వు టార్చి పట్టుకున్నావా.

…నవ్వీ నవ్వీ మీ అమ్మకి చెయ్యి వణికిందా. అందుకా వంకర.

…బాగుంది. లేదు, వెక్కిరించట్లేదు. కంతలు చూస్తున్నా. బాగున్నాయి.

…ఊ… ఊ… చుక్కలా? ఎర్ర చుక్కలా?

…గోళ్లరంగుతో. ఓహో. ఒక చుక్క కోడుకి ఒక చుక్క పట్టె, రెండు చుక్కలదానికి రెండు చుక్కలది. మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సొస్తే వెతుక్కోకుండా. అబ్బ, ఎంత ముందుచూపు! ఇంక ఆ బొమ్మల కాగితం ఎందుకు మనకి?

…కనిపిస్తున్నాయా అంటే…

…ఉన్నాయి… అంటే, ఉండేవి.

…అమ్మడూ, పొద్దున తుడిచేశాను. మరకలనుకున్నా. రంగు తీసే మందు దూదిలో ముంచి ఒక్కో చుక్కా పట్టి పట్టి రుద్దాను. ఎంత శుభ్రంగా తుడిచానో చూసుకుని మురిసిపోయాను కూడా.

…ఏమైనా అను. తిట్టు, పోనీ.

…తిట్టవు. తిట్టినా బాగుండేది.

…ఏంటి? లోపలివైపా? ఉండు, చూస్తా. గోడకి ఆనించా కదా, తిప్పాలి… ఆ. ఆ, ఉంది! ఒక కోడు లోపలివైపు ఉంది. చెయ్యి అందక మిగిలిపోయినట్టుంది. ఒక్కటి… కాదు, రెండు చుక్కలు. ఇది ఏ మూలది?

…కిటికీ వైపు, తల దగ్గరది. సరే. ఇదిగో, అక్కడే పెడుతున్నా. దీన్ని ఇంక కదపను.

…

…లేదు, ఏడవట్లేదు. దుమ్ము.

…అమ్మడూ, నల్లులు లేవు.

…ఆ, అబద్ధమే చెప్పాను. ఒక్క నల్లీ లేదు.

…నేను చెప్తా, నువ్వు విను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేను. మిషన్ అక్కడ పెట్టాలనుకున్నా, నా కుట్టుమిషన్. నీ కిటికీ దగ్గర. నడవాలో బల్బు కింద నల్లగుడ్డ మీద నల్లదారం కనబడక కళ్లు లాగేస్తున్నాయి. నీ గదిలో సాయంత్రం దాకా మంచి వెలుగు. రోజూ ఊడవడానికి వెళ్తాను కదా, రోజూ చూస్తాను ఆ వెలుగుని. ఖాళీగానే ఉందిగా గది అనిపించింది. గది ఖాళీగా లేదు, నువ్వు ఊళ్లో లేవు, అంతే. ఆ మాత్రం తేడా నాకు తెలియద్దూ?

…అడిగితే ఇచ్చేదానివా? ఏమో. కాదంటావేమోనని అడగలేదు. పెద్ద కారణమేం లేదు. పిరికితనం.

…ఇంకా ఉంది. మంచం అటక మీద పెడదామని కూడా కాదు విప్పింది. మా చెల్లెలికి ఇస్తానని మాటిచ్చాను. వాళ్ల పిల్లాడు కింద పడుకుంటున్నాడని మాటల్లో అంది. నేను వెంటనే, మా ఇంట్లో ఊరికే పడుంది, తీసుకుపో అన్నాను. ఊరికే పడుంది అన్నాను అమ్మడూ. రేపు వ్యాను తెచ్చుకుంటారు.

…ఆ. మీ అమ్మ బిగించిన మంచం, మా పుట్టింటి వాళ్లకి. చెప్తుంటే నాకే వినబుద్ధి కావట్లేదు. ఆవిడ పోయాక వచ్చినదాన్ని, ఈ ఇంట్లో ఏది ఆవిడ చేతిదో నాకేం తెలుసని సర్దిచెప్పుకోవచ్చు. తెలీనప్పుడు అడగొచ్చు కదా! నోరుంది కదా నాకు. అక్కర్లేని చోటల్లా లేస్తుంది.

…మరి మళ్లీ ఎందుకు బిగిస్తున్నానా?

…విప్పడం అయ్యాక, చీపురు పట్టుకుని గది చూశాను. మంచం ఆనుకుని ఉన్నంత మేరా గోడ రంగు కొత్తగా ఉంది. మిగతాదంతా వెలిసిపోయింది. మంచం లేదు గానీ, దాని ఆకారం గోడ మీద అలాగే నిలబడి ఉంది. నువ్వొచ్చి ఆ గోడ చూస్తే నీకెలా ఉంటుందో అప్పుడు తట్టింది. చీపురు అవతల పారేసి, బోల్టులు ఏరుకుని కూర్చున్నా. అన్నం కూడా పెట్టుకోలేదు.

…తింటాను. ముందు ఇది వినవే తల్లీ. తలవైపు పలక ఉంది కదా, దాని మూల చీలింది. మేకు దిగట్లేదని సుత్తితో ఒక్కటిచ్చుకున్నా. జిగురు పెట్టి తాడుతో కట్టాను. కనబడకుండా గోడవైపు తిప్పుదామనుకున్నా. అదీ అనుకున్నాను, చూడు.

…మీ నాన్నా?

…మంచం ఇచ్చేస్తున్నట్టు మీ నాన్నకి తెలుసు. లేదు, ఆయన్ని ఏమీ అనకు. ఆయన తప్పేం లేదు. ముందు అమ్మాయిని అడుగు, అది సరేనంటేనే అన్నారు. ఒకటికి రెండుసార్లు అన్నారు.

…నేనేమన్నానా…

…అడిగానన్నాను.

…ఆ. అడిగాను, సరేనంది, నవ్వుతూ ఒప్పుకుంది అని చెప్పాను. నవ్వుతూ అని కూడా కలిపాను. ఆయన మొహం ఎంత వికసించిందో… మీరిద్దరూ కలిసిపోతున్నారు, ఇంకేం కావాలి అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. కాఫీ కలపడానికి లేచి వెళ్లిపోయాను.

…ఏంటీ?

…తెలుసా? ఏం తెలుసు?

…మీ నాన్న ఫోన్ చేశారా నీకు! ఎప్పుడు? …నిన్ననా. ఏమన్నారు?

…అయ్యో. పెద్దమనసు చేసుకున్నావు తల్లీ అన్నారా.

…మరి నువ్వేమన్నావు?

…

…ఏంటీ, మళ్లీ చెప్పు.

…పిన్ని అడిగింది నాన్నా, నేను సరేనన్నాను… అన్నావా?

…

…ఉన్నాను. ఉన్నాను. కూర్చున్నా, అంతే. నేల మీద.

…ఎందుకమ్మా అలా చెప్పావు? నాకు తెలీదు నాన్నా అంటే అక్కడికి తేలిపోయేది కదా. నా బండారం బయటపడేది.

…నా కోసం కాదా. సరే.

…ఊ.

…ఆయన గొంతు అంత తేలిగ్గా విని చాలా కాలమైందా. దాన్ని పాడుచెయ్యబుద్ధి కాలేదా. …అర్థమైంది తల్లీ. నాకు ఆ గొంతు ఒక్కసారే వినిపించింది. అదీ అబద్ధం చెప్పి.

…అంటే మంచం సంగతి తెలిసే ఇందాక సుత్తి గురించీ నల్లుల గురించీ అడిగావన్నమాట. నేనెంత దూరం వెళ్తానో చూద్దామనా?

…చాలా దూరం వెళ్లాను కదూ.

…క్షమించు అనడానికి కూడా మొహం చెల్లట్లేదు. అయినా అంటున్నా. నీ ఇష్టం, ఇప్పుడే ఏమీ అననక్కర్లేదు.

…కాదు, మంచం ఎక్కడికీ పోదు. మా చెల్లెలికి ఇవాళే చెప్పేస్తా. మాట తప్పావంటుంది, అననీ. ఆ పిల్లాడికి వేరే ఏదైనా చూద్దాం. మిషన్ మళ్లీ నడవాలోకి పోతుంది. లేదు, దాని సంగతి నువ్వు ఆలోచించకు. ఇప్పుడు నువ్వేం ఇచ్చినా పుచ్చుకోలేను నేను.

…ఏంటి? చెయ్యి పెట్టద్దా?

…సరే. ఎక్కడివక్కడ వదిలేస్తా. ఆ ఒక్క కోడు మాత్రం నిలబెట్టింది నిలబెట్టినట్టు ఉంచుతా. …శనివారం వస్తావా? వచ్చి నువ్వే బిగిస్తావా?

…నేను కాస్త పట్టుకోనా, అటుపక్క?

…వద్దా. సరే. నువ్వే చేసుకో. నేను వంటింట్లో ఉంటా. టీ కావాలంటే కేకెయ్యి.

…దానికి ఊ అన్నావా? ఊ అన్నట్టు వినబడింది. …అన్నావులే, విన్నాను.

…ఉండు, గేటు చప్పుడు. మీ నాన్న వచ్చినట్టున్నారు.

…ఏమీ చెప్పద్దంటావా? నువ్వు సరేనన్నట్టే ఉంచమంటావా?

…లేదమ్మా. ఈ ఒక్కటీ నీ మాట వినను. నీ చేత నాన్నకి అబద్ధం చెప్పించాను నేను. అది నీ నెత్తిన ఉండకూడదు.

…తెలుసు. ఆ గొంతు మళ్లీ బరువెక్కుతుంది. ఎక్కితే నా మీద ఎక్కనీ. నీ మీద కాదు కదా.

…లేదు, నువ్వు లైన్లో ఉండక్కర్లేదు. నా తరఫున నువ్వు మాట్లాడకు. ఒకసారి మాట్లాడావు, చాలు.

…ఏవండీ, ఇలా రండి, అమ్మాయి గదిలో ఉన్నా. …అమ్మాయే, ఫోన్లో. …బాగానే ఉందండీ, దానికేం కాలేదు. మీరు ముందు కూర్చోండి.

…అమ్మడూ, పెట్టేస్తున్నా. ఇక ఉంటా.

ఏవండీ… నేను అమ్మాయిని అడగలేదు.