మూత కింద చీకటి

కంటికి ఆననంత సన్నగా ఆ పరిశోధక విద్యార్థిని పెంచిన జింక్ ఆక్సైడ్ కడ్డీలు మూతేసిన నల్లపెట్టెలో ఉన్నాయి. మీటరు మీద కరెంటు అంకె ఇంకా దిగుతూనే ఉంది.

“చీకట్లో ఎంతసేపు ఉంచి కొలిచావమ్మా?” ప్రొఫెసరు అడిగాడు.

“మూతేసి పది నిమిషాలు, సార్. చీకటే కదా అనుకున్నాను.”

“చీకటి నీకు. తిన్న వెలుగు అరగడానికి వాటికి రోజంతా పడుతుంది. అప్పటిదాకా కరెంటు ఎక్కువే చూపిస్తాయి. అన్నీ ఇలాగే కొలిచావా?”

“నలభై నమూనాలూ ఇలాగే సార్. పేపరు కూడా నిన్ననే జర్నలుకు పంపేశాను.”

“నా పేరుతో సహా?”

“అవును సార్.”

“సరే. వెనక్కి తీసుకుంటున్నామని ఇద్దరం కలిసే రాద్దాం.”

“వైరు ఊడిందేమో సార్! లేకపోతే అంకె ఇంతలా పడిపోతుందా?” ఆమె చెయ్యి మూత మీదికి వెళ్లింది.

“తియ్యకమ్మా. కాస్త వెలుగు తగిలినా మళ్లీ మొదటికొస్తుంది.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అంకె ఇంకో మెట్టు దిగింది.