చల్లపల్లి బస్సనుకున్నావా?

గన్నవరం విమానాశ్రయం గేటు ఎదురుగా ఎస్టీడీ బూత్. భద్రతాధికారి నాసిర్, తనతో చల్లపల్లిలో చదువుకున్న జయకృష్ణని చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. లోపల హైదరాబాద్ వెళ్లాల్సిన విమానం ఆగిపోయి ఉంది.

"వదులు నాసిర్, జనం చూస్తున్నారు."

"చూడనీ! బాంబుందని ఫోన్ చేసింది నువ్వా, కాదా?"

"నేనా? నేనెందుకు చేస్తానూ..."

"బూత్ హనుమయ్య చెప్పాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నావంటగా. సిగ్గులేదూ?"

"అది కాదురా..."

"ఏది కాదు? ఆ ఒక్క విమానమే హైదరాబాద్ పోవాలి, అక్కణ్ణించి తిరుపతి పోవాలి, మళ్లీ విశాఖపట్నం పోవాలి. ఇక్కడాగితే అన్ని ఊళ్లూ ఆగినట్టే! ఒకటి పోతే ఇంకోటి సిద్ధంగా ఉండాలి మొర్రో అని ఎప్పట్నించో మొత్తుకుంటున్నా."

"కాసేపేగా ఆగేది అనుకున్నా."

"కాసేపా? బాంబంటే కాసేపా? బుద్ధుందా నీకు?"

"మొన్న ఆమినాబీ పిన్ని కోసం చల్లపల్లి బస్సుకి అడ్డంగా నిలబడలా నువ్వు? అమ్మ వస్తోంది, కాస్త ఆగండి అంటే డ్రైవరు ఆగలా?"

"అది బస్సురా! విమానాల్ని ఎవడైనా కావాలని ఆపితే ఏం చెయ్యాలో మాకు ట్రైనింగిచ్చారు. టెర్రరిస్టులన్నారు, హైజాకర్లన్నారు. మావాళ్లొస్తున్నారు, కాస్త ఆపండి అనే వెధవ గురించి ఒక్క ముక్క చెప్పలేదు!"

"తిట్టు. ఎంతైనా తిట్టు. చెల్లెలి కోసం చేశా."

"ఎవరూ... ఉషశ్రీ కోసమా?"

"మస్కట్‌లో నర్సు ఉద్యోగం. వీసా గడువు ఇవాళ్టితో సరి. సాయంత్రం హైదరాబాద్‌లో విమానం అందుకోకపోతే ఇక అంతే, దాని బతుకు మళ్లీ మొదటికే. ఆటోనగర్ దగ్గర కారు చెడిపోయిందని ఫోన్ చేసి ఏడ్చింది. తర్వాత ఎన్నిసార్లు కొట్టినా స్విచ్చాఫే. నన్నేం చెయ్యమంటావు?"

"నాకు చెప్పొచ్చుగా!"

"చెపితే ఆపేవాడివా?"

"చచ్చినా ఆపను."

"మరి? అందుకే."

"ఓరి నీ తెలివి తగలెయ్య!"

"ఒరేయ్, నీ కాళ్లు పట్టుకుంటా. అది రాగానే ఎలాగోలా ఎక్కించెయ్. ఆ తర్వాత నన్ను జైల్లో పెట్టుకో, పోతా."

"ఆ విమానం ఇవాళ లేవదు. పోలీసులొచ్చారు. ప్రయాణికుల్ని ఒక్కొక్కర్నీ కూచోబెట్టి అడుగుతున్నారు. రాత్రిదాకా ఎవర్నీ గేటు దాటనివ్వరు."

"వాళ్ల గోల మనకెందుకు? అయితే ఇంకో కారు మాట్లాడి దాన్ని హైదరాబాద్ తీసుకుపోతా. ఎంత తోలితే అంత. అది లోపలికి రాకపోవడమే మంచిదైంది."

"ఎవడి లారీ ఎక్కిందోరా, పరిగెత్తుకుంటూ వచ్చింది. నా చేత్తో నేనే సంచీ అందుకుని ఎక్కించా. తలుపేసి, విమానం కదిలాక మోగింది నీ ఫోను."